పొలుసులు రాలిన పురుగు

ముక్కు పురుగు రంగు చాలాసార్లు దాని పెంకుది కాదు, పెంకును అంటిపెట్టుకుని ఉండే సన్నని పొలుసులది. సీతాకోకచిలుక రెక్క ముట్టుకుంటే వేలికి పొడి అంటినట్టే, ఆకుల మధ్య పాకి పాకి, వానలకు తడిసి, వయసు మీదపడేకొద్దీ ఈ పొలుసులు రాలిపోతాయి. అడుగున ఉన్న నల్లటి పెంకు బయటపడుతుంది. కీటకశాస్త్రం చదివేవాళ్ళకు తొలిరోజుల్లోనే చెప్పే మాట ఇది. నాకూ చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. అయినా మారేడుమిల్లి అడవిలో నున్నగా, నల్లగా మెరిసే ముక్కు పురుగు మా గొడుగులో పడ్డనాడు ఆ మాట నాకు గుర్తు రాలేదు. కొత్త జాతి దొరికిందనుకున్నాను.

అలా అనుకోవడానికి మనసు అప్పటికే సిద్ధమై ఉంది. ముక్కు పురుగు అనగానే మనింట్లో బియ్యం డబ్బా గుర్తొస్తుంది, కోనసీమ రైతుకైతే కొబ్బరి చెట్టును లోపలినుంచి తొలిచేసే ఎర్రముక్కు పురుగు గుర్తొస్తుంది. బియ్యం పురుగుకు లిన్నేయస్ 1763లోనే పేరు పెట్టాడు. ఇప్పటిదాకా పేరు పెట్టిన ముక్కు పురుగుల జాతులు 60 వేలు దాటాయి. ఉష్ణమండల అడవుల్లో పేరు లేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ రీడెల్, ఆయన సహచరులు 2013లో ఒక్క పత్రంలోనే న్యూగినీ నుంచి ట్రైగోనోప్టెరస్ అనే ఒకే ప్రజాతికి చెందిన 101 కొత్త జాతులను వర్ణించారు. 2019లో సులవేసి దీవి నుంచి మరో 103. ఆ పత్రాలు చదివి నాకు ఆశ పుట్టింది. అక్కడ వందలు ఉంటే మన తూర్పు కనుమల్లో ఒక్కటి ఉండదా అనుకున్నాను. ఆ సంఖ్యలైతే చూశాను గానీ, వాటి వెనక డీఎన్‌ఏ ముక్కలు చదివి, మగ పురుగుల జననాంగాలు విప్పి, చిత్రాలు తీసి, పక్కపక్కన పెట్టి పోల్చిన ఏళ్ళ తరబడి శ్రమను చూడలేదు.

అడవిలో నాకు దారి చూపింది ఒక కొండరెడ్డి పెద్దాయన. తాతా అని పిలిచేవాణ్ణి. ఏ కొమ్మ లేతగా ఉందో, ఏ ఆకు అంచున పురుగు కొరికిన గాట్లు ఉన్నాయో ఆయనే చూపించేవాడు. నేను గొడుగు తిరగేసి కొమ్మ కింద పట్టుకుంటే ఆయన కర్రతో కొమ్మను కొట్టేవాడు. బూడిద రంగు ముక్కు పురుగులు జలజలా రాలేవి. ఇవి మైలోసెరస్ ప్రజాతివి. మన దేశంలో వీటి జాతులు పదుల కొద్దీ ఉన్నాయి. పెద్దవి ఆకు అంచులు తింటాయి, పిల్లపురుగులు మట్టిలో వేళ్ళు తింటాయి. ఆ బూడిదవాటి మధ్య అక్కడక్కడ నల్లవి పడ్డాయి. నల్లవాటిని ఒక్కొక్కదాన్నీ వేరే గొట్టంలో వేసి, చెట్టు పేరు, చోటు, ఎత్తు, తేదీ రాసిన చీటీ పెట్టాను. బూడిద రంగువి ఎలాగూ తెలిసినవే కదా అని అన్నిటినీ కలిపి ఒకే సీసాలో పోశాను. ఆ సీసా మీద మారేడుమిల్లి అని తప్ప ఇంకేమీ రాయలేదు.

తిరిగి వచ్చేముందు తాతకు మాటిచ్చాను, మీ ఊరి కొండ పేరే ఈ పురుగుకు పెడతానని. ఆయన సంతోషపడ్డాడు. మనవణ్ణి పిలిచి చెప్పాడు కూడా.

కొత్త జాతిని వర్ణించడమంటే ఏమిటో అప్పుడు నేను తెలుసుకోవాల్సింది. మన ముక్కు పురుగుల మీద గై మార్షల్ రాసిన పెద్ద పుస్తకం 1916లో వచ్చింది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ పుస్తకంతో మొదలుపెట్టి, తర్వాత వచ్చిన పత్రాలన్నీ తిరగేసి, పాత పేర్లకు ఆధారమైన టైప్ నమూనాలతో మన పురుగును పోల్చాలి. చాలావాటి టైపులు యూరప్ మ్యూజియాల్లో ఉన్నాయి. మగ పురుగును వేడినీళ్ళలో మెత్తబరచి, పొట్ట విడదీసి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండను కరిగించి, లోపలి జననాంగాన్ని గ్లిజరిన్‌లో ఉంచి చూడాలి. పైకి అచ్చం ఒకేలా కనిపించే రెండు జాతులు అక్కడ తేడా బయటపెడతాయి. పైకి వేరుగా కనిపించే రెండు పురుగులు అక్కడ ఒకటే అని తేలిపోతాయి. ఆ తర్వాతే ఒక నమూనాను కొత్త పేరుకు ఆధారంగా, అంటే హోలోటైప్‌గా ఎంచి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో చెప్పి పత్రం రాయాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన దేశంలో దొరికిన కొత్త జాతి నమూనాను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారంలో జమచేయాలి కూడా.

నేను చేసిందేమిటంటే, మార్షల్ పుస్తకంలో నున్నటి నల్లటి పురుగు కనబడలేదని చూసుకుని పత్రం రాసేశాను. పేరు ముందే ఖాయం చేసుకున్నాను. స్నేహితుడొకడు మగదాన్ని విప్పి చూశావా అని అడిగితే నొచ్చుకున్నాను. ఇంత స్పష్టంగా వేరుగా ఉన్నదాన్ని ఇంకా విప్పడం దేనికన్నాను.

ఎందుకైనా మంచిదని, అచ్చుకు పంపేముందు గొట్టాలూ సీసా తీసుకుని ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. జీవితమంతా ముక్కు పురుగుల మీదే గడిపిన శాస్త్రవేత్త ఆవిడ. నల్లవాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి, కాళ్ళ మడతల్లోకి, పొట్ట అడుగుకు వెలుతురు తిప్పారు. రాపిడి తగలని ఆ మూలల్లో బూడిద పొలుసులు అలాగే మిగిలి ఉన్నాయి. నన్ను చూడమన్నారు. చూశాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. నా సీసాలోంచే పురుగులు తీసి, పొలుసులు నిండుగా ఉన్నవాటి నుంచి పూర్తిగా రాలినవాటి దాకా వరుసగా పేర్చారు. నా కొత్త జాతి ఆ వరుస చివర్లో ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. నల్లవీ బూడిదవీ ఒకటేనని రుజువు చేయడానికి ఆవిడ రెండు రకాల మగవాటినీ విప్పి చూశారు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కటి తప్ప. సీసాలోని ఒక మామూలు బూడిద పురుగు లోపలి అంగం పూర్తిగా వేరు. మార్షల్ వర్ణించినవాటికి గానీ ఆ తర్వాత వచ్చినవాటికి గానీ అది కుదరలేదు.

"ఇది ఎక్కడిది బాబూ?" అని అడిగారు.

"మారేడుమిల్లిదండీ."

"మారేడుమిల్లిలో ఎక్కడ? ఏ చెట్టు మీద?"

నా దగ్గర జవాబు లేదు. నియమాల ప్రకారం ఒక్క నమూనాతోనూ కొత్త జాతిని వర్ణించవచ్చు. కానీ అది జాతి తేడానో, ఆ ఒక్క పురుగులో వచ్చిన తేడానో ఇంకొన్ని చూస్తే గానీ తెలియదు. ఇంకొన్ని కావాలంటే ఎక్కడ వెతకాలో తెలియాలి. ఆ వివరాన్ని నేనే చెరిపేసుకున్నాను. నల్లవాటికి చీటీలు రాసిన చేత్తో దీనికి రాయలేదు.

ఆ రోజు ఆవిడ నాకు సాల్వీనియా కథ చెప్పారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ నీటి కలుపు మొక్క ఆఫ్రికాలో కరీబా జలాశయాన్ని కమ్మేసింది. న్యూగినీలో సెపిక్ నది ఊళ్ళవాళ్ళను పడవ కదపనీయకుండా చేసింది. కేరళ కాలవల్ని కప్పేసింది. మొదట మొక్కనే తప్పుగా గుర్తించారు. అది వేరే జాతి అని 1972లో గానీ తేలలేదు. దాని మీదికి వదలడానికి తెచ్చిన ముక్కు పురుగు సిర్టోబేగస్ సింగ్యులారిస్ ఆఫ్రికాలో పెద్దగా పనిచేయలేదు. 1978లో మొక్క అసలు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. అక్కడి పురుగు కూడా చూడటానికి అలాగే ఉంది, సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు. అదీ సింగ్యులారిసే అనుకున్నారు. 1980లో ఆస్ట్రేలియాలోని మూండారా సరస్సులో వదిలితే, ఏడాది దాటేసరికి 200 హెక్టార్లలో 18,000 టన్నుల కలుపు నాశనమైంది. ఒకే జాతి అయితే ఒకచోట ఊరుకుని ఇంకోచోట ఇంత పని ఎలా చేస్తుంది? కాల్డర్, శాండ్స్ అనే ఇద్దరు ఆ పురుగుల్ని మళ్ళీ శ్రద్ధగా చూసి, 1985లో బ్రెజిల్ పురుగును సిర్టోబేగస్ సాల్వీనియే అనే కొత్త జాతిగా వర్ణించారు. దాని పిల్లపురుగు కాండాన్ని లోపలినుంచి తొలుస్తుంది. అందుకే మొక్క మునిగిపోతుంది. కేరళ కాలవల్ని విడిపించింది ఈ పురుగే. మన చెరువుల్లో గుర్రపుడెక్క మీద వదిలిన రెండు ముక్కు పురుగులదీ ఇదే దారి. వాటిలో ఒకటి వేరే జాతి అని 1970లో రోజ్ ఎల్లా వార్నర్ వర్ణించేదాకా రెండింటినీ ఒకటే అనుకున్నారు.

ఈ కథలో నన్ను కుదిపేసింది ఆ సాల్వీనియా పురుగుల రూపమే. రెండూ నావాటిలాంటి మామూలు పురుగులే, కంటికి ఆనేవి కావు. ఎవరో ఓపిగ్గా చీటీ రాసి దాచారు కాబట్టే ఏది ఎక్కడిదో తర్వాతివాళ్ళు తేల్చగలిగారు. నేను మెరిసేదాని వెంటపడ్డాను. బూడిదవి తెలిసినవేనని ఒక్కసారి కూడా చూడకుండా తేల్చేసుకున్నాను. ఇది తెలియక చేసింది కాదు. పేరు మీద నాకున్న తొందర నన్నలా చేయించింది. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

పత్రం చించేశాను. తాతకు ఉత్తరం రాసి ఊరుకోవచ్చు, కానీ మాటిచ్చింది ఎదురుగా కూర్చుని. అందుకని వెళ్ళాను. మీ కొండ పేరు పెట్టలేకపోయాను తాతా, అది పాత పురుగేనట అని చెప్పాను. వేరేది ఒకటి ఉంది గానీ ఏ చెట్టుదో రాసుకోలేదని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నువ్వు రాయకపోతే ఏం సారూ, కొట్టింది నేను కదా" అన్నాడు. ఆ పొద్దు మొదట వాగు పక్క మద్ది, తర్వాత గట్టు మీద తునికి, మధ్యాహ్నం పనస అని వరుసగా చెప్పుకొచ్చాడు. ఏ కొమ్మ మీద చీమలు కరిచాయో కూడా చెప్పాడు. అడవిలో ఉన్నన్నాళ్ళూ నా పక్కనే ఉన్న ఆ మనిషిని నేను ఒక్క మాటా అడగలేదు.

అప్పటినుంచి తొలకరి పడగానే ఇద్దరం ఆ చెట్ల కిందికే వెళ్తున్నాం. గొడుగులో పడ్డ ప్రతి పురుగుకూ, బూడిదదైనా నల్లదైనా, వేరే గొట్టం, వేరే చీటీ. చెట్టు పేరు తాత చెబుతాడు, నేను రాస్తాను. ఆ బూడిద పురుగు తోటిది ఇంకా దొరకలేదు. మద్దీ తునికీ అయిపోయాయి, గట్టు అవతలి పనస చెట్లు మిగిలాయి.