ఉకులేలే మీటు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: బొటనవేలికి నాలుగు మూడు, చూపుడువేలికి రెండు, నడిమివేలికి ఒకటి, మొదట మెల్లగా.

టీక: బొటనవేలికి = అంగుష్ఠమునకు; నాలుగు మూడు = వాయించువాని ముఖానికి దగ్గరనున్న జి తీగ, దాని దిగువనున్న సి తీగ; చూపుడువేలికి = తర్జనికి; రెండు = ఇ తీగ; నడిమివేలికి = మధ్యమకు; ఒకటి = నేలవైపునున్న ఎ తీగ (ట్యాబ్ అనబడే నాలుగు గీతల లిపిలో ఇదే అన్నిటికంటె పై గీత కావడం చేత తొలినాళ్లలో పాట తలకిందులగుట సహజం); మొదట = కంటి సాయం లేక వేలు తన తీగను పోల్చుకొనునంతవరకు; మెల్లగా = అభ్యాసి మెల్లగా అనుకొనుదానికంటె మెల్లగా.

తాత్పర్యం: మూడు వేళ్లకు నాలుగు తీగలను పంచి, ఎవరి వాటా వారే మీటవలెనని, ఆ పంపకం చేతికి పట్టేదాకా వేగం జోలికి పోరాదని సూత్రకారుని ఆశయం.

విశేషం: ఇచట పూర్వపక్షి ఒక ఆక్షేపణ తెచ్చును. గిటారులో బొటనవేలు మంద్రానికి అధిపతి. ఉకులేలేలోనో, సి సుమారు 262, ఇ 330, జి 392, ఎ 440 హెర్ట్జ్‌లు కాగా, నాలుగో తీగ మంద్రం కాకపోవడమే గాక మూడు, రెండు తీగలను మించి పలుకుతుంది. మరి దానిని బొటనవేలికి అప్పగించుట ఏమి న్యాయం? సమాధానం సులభం: పంపకం చేతి అందుబాటును బట్టి జరిగినదే గాని శ్రుతిని బట్టి కాదు.

అధికారి భేదం మాత్రం విచారణీయం. మందాధికారికి ట్వింకిల్ ట్వింకిల్ విధింపబడినది. సి తీగను షడ్జమంగా గ్రహిస్తే ఆ పాట తొలి పాదం ససపపదదప అగును; స మూడో తీగ, ప నాలుగో తీగ, ద మొదటి తీగ గనుక ఎడమచేయి ఒక్క మెట్టునైనా నొక్కనక్కరలేదు, కుడిచేయి సూత్రాన్ని అక్షరాలా పాటించును. మధ్యమాధికారి హవాయి రాణి లిలియుఓకలాని 1878లో కూర్చిన అలోహా ఓయె వంటి పాటకు వచ్చేసరికి, రాగం ఒకే తీగపై వరుసగా నడిచినచోట ఒంటి వేలు అలసిపోవును గనుక, చూపుడు నడిమివేళ్లను అదే తీగపై మార్చి మార్చి మీటి సూత్రాన్ని నిస్సంకోచంగా అతిక్రమించును. ఎక్కువమంది ఇక్కడే స్థిరపడుదురు. అది నిందార్థం కాదు.

ఉత్తమాధికారి పద్ధతి కాంపనెల్లా, అనగా వరుస స్వరాలను వేర్వేరు తీగలకు పంచి, వెనుకటి స్వరం మోగుతుండగానే ముందటిది పలికించి, చిరుగంటల మోతను సాధించుట. పదనిస అను సంచారాన్ని లోకం ప రెండో తీగ మూడో మెట్టుపైనా, తక్కిన మూడూ మొదటి తీగపైనా వాయించును; ఇచటనో ప నాలుగో తీగ, ద మొదటి తీగ, ని నాలుగో తీగ నాలుగో మెట్టు, పై స మొదటి తీగ మూడో మెట్టు. కుడిచేయి చూడగా బొటనవేలు, నడిమివేలు, బొటనవేలు, నడిమివేలు: మధ్యముడు విడిచిన సూత్రం ఉత్తముని చేతిలో యథాతథం! కష్టమంతా ఎడమచేతిది, నాలుగో మెట్టుపై వేలిని స్వరం ముగియకముందే ఎత్తినచో గంట కాస్తా కట్టెచప్పుడగును. పదిహేడో శతాబ్దపు స్పెయిన్ గిటారు విద్వాంసుడు గాస్పార్ సాన్స్ ఎరిగిన ఈ మార్గాన్ని జాన్ కింగ్ ఉకులేలేకు తెచ్చి బాహ్ రచనలను వాయించెను.

నాలుగో తీగను ఒక స్థాయి దించి లో జి కట్టుకొన్నవారికి ప స్థానం మంద్రానికి జారుటచే పై లెక్కలు చెల్లవు. వారికి వేరొక టీక అవసరం.