పొద్దున సంహారం, సాయంత్రం ప్రతిష్ఠ

నెల్లూరు తీరంలో, విడవలూరు మొదలు తోటపల్లి గూడూరు దాకా, వనామీ రొయ్య అరుగుదల మీద జరిగినంత చర్చ మనిషి కడుపు మీద జరగదు. చెక్ ట్రే ఎత్తగానే అందరి చూపూ రొయ్య వీపు మీదికే పోతుంది. పేగు గీత నిండుగా ఉంటే సరే. మధ్యలో తెగిందో, గంటలో టెక్నీషియన్ బైకు గట్టెక్కుతుంది. ఆయన సంచిలో మందు ఒక్కటే: గట్ ప్రోబయాటిక్. మేత తినకపోతే అదే, తెల్ల రెట్ట తేలితే అదే, సైజుల్లో తేడా వస్తే అదే. అంతా బాగుంటే ముందు జాగ్రత్తకు అదే.

మేతకూ పేగులోని బ్యాక్టీరియాకూ సంబంధం లేదని ఎవరూ అనరు. గుర్రానికి గింజల దాణా మోతాదు మించితే అరగని పిండిపదార్థం పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పెచ్చుమీరి, డెక్కలు వాచి గుర్రం కుంటుతుంది. పశువైద్యుడు ముందుగా గింజలు తగ్గించి గడ్డి పెంచమంటాడు. రొయ్యల గుంట దగ్గర తగ్గించమనే మాటే వినపడదు. మేత అమ్మేవాడే సలహాదారైతే ఆ మాట ఎలా వస్తుంది? అప్పు మీద దిగిన మేత బస్తాల కిందే ప్రోబయాటిక్ డబ్బా కూడా ఖాతాకెక్కుతుంది.

అసలు తమాషా షెడ్యూలులో ఉంది. నీళ్లలో విబ్రియో బ్యాక్టీరియా పెరిగిందని అయోడినో బీకేసీయో ఏదో ఒక శానిటైజర్ చల్లిస్తారు. మంచిదేదో చెడ్డదేదో దానికి తెలియదు, దొరికిన బ్యాక్టీరియానల్లా చంపుతుంది. ఆ వెంటనే బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టిన జ్యూసులో ప్రోబయాటిక్ బ్యాక్టీరియా బాసిల్లస్‌ను కలిపి అదే గుంటలో ప్రతిష్ఠిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ శానిటైజర్. రెండు బిల్లులూ ఒకే దుకాణానివి.

రైతు అనుమానపడితే డబ్బా మీది కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నంబరు చూపిస్తారు. ఆ నంబరు చెప్పేది నిషేధించిన యాంటీబయాటిక్స్ ఇందులో లేవని. రోగం కుదురుతుందని కాదు.

అలా కుదరని రోగం ఒకటుంది. మన దేశంలో వనామీకి అనుమతి వచ్చింది 2009లో. టైగర్ రొయ్యను పీడించే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవికి థాయ్‌లాండ్‌లో పేరు పెట్టిందీ ఆ ఏడాదే. తర్వాత అది వనామీకీ తగులుకుంది. అది బ్యాక్టీరియా కాదు. రొయ్య హెపటోపాంక్రియాస్ కణాల్లోపల కాపురం పెట్టి ఎదుగుదలను తినేస్తుంది. నమ్మకంగా కుదిర్చే మందు ఇంతవరకూ లేదు. కణంలోపల దాక్కున్న దానిమీదికి పేగులో తిరిగే బాసిల్లస్‌ను యుద్ధానికి పంపడం ఏ శాస్త్రమో ప్రోబయాటిక్ కరపత్రం వేసినవాళ్లే చెప్పాలి.

చేయదగ్గ పనులు లేకపోలేదు. పంట తీశాక గుంట అడుగును బాగా ఎండబెట్టడం, కాల్చిన సున్నం చల్లి మట్టి పీహెచ్ 12 దాకా తేవడం, పీసీఆర్ పరీక్షలో గెలిచిన సీడే వేయడం, ట్రేలో మేత మిగిలితే మరుసటి పూట కోత పెట్టడం. వీటిలో లాభం రైతుదే, డీలరుకు మిగిలేది అంతంతే. సున్నం బస్తాలు ఎన్ని అమ్మినా డీలరును ఎవరూ బ్యాంకాక్ టూరు తిప్పరు కదా!