మా ఇంటి క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదం చేతిలో పడేలోపే వచ్చే మొదటి ప్రశ్న "ఏ క్లయింటండీ?" అని. నర్సునండీ అంటే రెండో ప్రశ్న "మలయాళీసా మీరు?" తెలుగులో జవాబు చెబుతున్న మనిషిని పట్టుకుని అలా అడగడంలో వాళ్ళ తప్పేం లేదు. ఇక్కడ ఇండియన్ నర్సంటే కేరళ, తెలుగువాళ్ళంటే సాఫ్ట్‌వేరు. రెంటికీ చెందని నన్ను ఏ గుంపులో కూర్చోబెట్టాలో ఎవరికీ అంతుపట్టదు. ఈమధ్య "డాక్టరేట్ కూడా చేస్తున్నానండీ" అని చేర్చేసరికి మూడో ప్రశ్న పుట్టింది: "అయితే డాక్టరైపోతారా?"

అవుతాను, కాను కూడా. రోగిని పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందు రాసే నర్సుని ఇక్కడ నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సూ, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరూ కలిసి మొదలుపెట్టిన చదువిది. డాక్టర్లు దొరకని చోట పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి కదా! ఇక నేను చేస్తున్న డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్, 2001లో కెంటకీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 2015 కల్లా ఈ పని చేసేవాళ్ళందరికీ డాక్టరేటే ఉండాలని 2004లో నర్సింగ్ కాలేజీల సంఘం తీర్మానించింది. 2015 వచ్చింది, వెళ్ళింది. పోలవరం గడువులు చూసినవాళ్ళం, మనకి ఆశ్చర్యమేముంది? ఇప్పటికీ మాస్టర్స్‌తోనే పని జరిగిపోతోంది.

"జరిగిపోతున్నప్పుడు నీకెందుకమ్మా ఈ యాతన?" అన్నారు మా అత్తయ్యగారు. ఇంత పదునైన ప్రశ్న మా ప్రొఫెసర్లెవరూ ఇంతవరకూ వెయ్యలేదు.

తెనాలిలో మా నాన్నకి మాత్రం ఇలాంటి సందేహాల్లేవు. మా అమ్మాయి డాక్టరవుతోందని వీధంతా చెప్పేశారు. ఫోన్లో నెమ్మదిగా చెప్పాను: "నాన్నా, టెక్సాస్‌లో డాక్టరేట్ వచ్చాక కూడా మందు రాయాలంటే ఒక ఫిజీషియన్‌తో ఒప్పంద పత్రం ఉండాలి. పక్కనే ఉన్న న్యూమెక్సికోలో అయితే అక్కర్లేదు." ఆయన కాసేపు ఆలోచించి, "అయితే న్యూమెక్సికోలో ఓ స్థలం చూడకపోయారా" అన్నారు. మా జిల్లాలో ఏ సమస్యకైనా స్థలమే పరిష్కారం.

చదువులో క్లినికల్ గంటలని ఉంటాయి, కనీసం వెయ్యి. ఆ గంటలు ఎవరో ఒక అనుభవజ్ఞుడి పక్కన నిలబడి చెయ్యాలి. ఆయన్నో ఆవిణ్ణో ప్రిసెప్టర్ అంటారు. చాలా కాలేజీల్లో ఆ మనిషిని మనమే వెతుక్కోవాలి. అచ్చం పెళ్ళి సంబంధాలే. తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టాలి, బయోడేటా పంపాలి, జాతకానికి బదులు టీకాల చిట్టా జతచెయ్యాలి. అవతలివాళ్ళు "ఆలోచించుకుని కబురు చేస్తాం" అంటారు, ఆ తర్వాత ఫోనెత్తరు. ఒక క్లినిక్ వాళ్ళు తాంబూలాల దాకా వచ్చి, దగ్గర్లోనే ఇంకో కాలేజీ పిల్ల దొరికిందని తప్పుకున్నారు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ పెళ్ళిచూపులకి కూర్చోవడం నా జాతకంలో ఉంది కాబోలు.

ఇంతకీ ఈ డాక్టరేట్‌లో ఏం నేర్పుతారని అడుగుతారు. పీహెచ్‌డీ వాళ్ళు కొత్త సంగతి కనిపెడతారు. మా పని వేరు. ఎప్పుడో కనిపెట్టినదాన్ని మనుషుల చేత చేయించడం. చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతారని సెమ్మెల్‌వైస్ 1847లోనే వియన్నాలో చూపించాడు. ఇంత తెలిసీ ఇవాళ్టికీ ఎందుకు కడుక్కోరు? తప్పు మనిషిదా, పద్ధతిదా, సబ్బు పెట్టిన చోటుదా? ఈ వెతుకులాటకి క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అని పేరు. ఆస్పత్రిలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంటికి తెచ్చినప్పుడే తంటా.

నా డ్యూటీ రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా, వారానికి మూడు రాత్రులు. షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి రోగిని అప్పగించడానికి ఎస్‌బార్ అని ఒక పద్ధతుంది. సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్. అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల వాళ్ళ దగ్గర్నుంచి ఆస్పత్రులకి వచ్చింది. సముద్రం అడుగున పనికొచ్చినది మా హాల్లో పనికిరాకపోతుందా అనుకుని, ఒక సాయంత్రం బయల్దేరే ముందు మా ఆయన ముందు నిలబడ్డాను. ఆయన ఇంటి నుంచే పని. చెవులకి హెడ్‌ఫోన్లు.

"సిట్యుయేషన్: చిన్నాడికి జలుబు. బ్యాక్‌గ్రౌండ్: శనివారం బర్త్‌డే పార్టీలో రెండుసార్లు ఐస్‌క్రీమ్ తిన్నాడు. అసెస్‌మెంట్: జ్వరం తొంభై తొమ్మిది, ఛాతీ బానే ఉంది. రికమెండేషన్: తొమ్మిదింటికి మళ్ళీ చూడండి, నూటొకటి దాటితే నాకు ఫోన్ చెయ్యండి."

మా ఆయన బొటనవేలు పైకెత్తారు. సంతోషించి వెళ్ళిపోయాను. తొమ్మిదింటికి ఎవరూ చూడలేదు. మర్నాడు తేలిందేమిటంటే, ఆయన మీటింగులో ఉన్నారు, మ్యూట్‌లో లేరు, బొటనవేలు ఎవరో డిప్లాయ్‌మెంట్ గురించి అడిగినదానికి. పొద్దున్న వాళ్ళ మేనేజరు మీటింగు మొదలుపెడుతూనే "అబ్బాయి టెంపరేచర్ నూటొకటి దాటలేదు కదా?" అని అడిగాడట. నా అప్పగింత శ్రద్ధగా విన్నవాడు ఆ మహానుభావుడొక్కడే.

తర్వాత పీడీఎస్‌ఏ. ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్. చిన్న మార్పు చేసి, ఫలితం చూసి, సరిదిద్దుకుంటూ పోవాలి. మా ఇంట్లో గిన్నెల విషయంలో ప్లాన్ నాది, డూ నాది, స్టడీ ఎలాగూ నాదే. యాక్ట్ మాత్రం మా ఆయన చేస్తారు, చుట్టాలొచ్చినప్పుడు.

అసలు కథ లంచ్ బాక్సుది. చిన్నాడు కిండర్‌గార్టెన్‌లో చేరిన దగ్గర్నుంచీ బాక్సు పెట్టింది పెట్టినట్టే వెనక్కొస్తోంది. పులిహోర పెట్టినా అంతే, పాస్తా పెట్టినా అంతే. ఆ వారమే క్లాసులో ఫిష్‌బోన్ డయాగ్రామ్ చెప్పారు. జపాన్ ప్రొఫెసర్ ఇషికావా వాడుకలోకి తెచ్చిన బొమ్మ. చేప తల దగ్గర సమస్య రాయాలి, ఒక్కో ముల్లు మీద ఒక్కో రకం కారణం. సందర్భం దొరికింది కదా అని వంటింటి వైట్‌బోర్డు మీద నిండుగా గీశాను. ఒక ముల్లు మీద మనుషులు: టీచరు తొందరపెడుతోందా, పక్క పిల్లలు వాసనని వెక్కిరిస్తున్నారా. ఇంకో ముల్లు మీద సమయం: తినడానికిచ్చేదెంత, క్యూలో పోయేదెంత. మరో ముల్లు మీద పదార్థం: కారమా, చల్లారిపోతోందా, కరివేపాకా. ముల్లుకి పిల్లముళ్ళు మొలిచి బోర్డు చాలలేదు.

ఆరు నెలల విజిట్ మీద వచ్చిన మా అత్తయ్యగారు దీపం పెట్టి వంటింట్లోకొచ్చి ఆగిపోయారు. "శుక్రవారం పూట ఇంట్లో చేపేమిటమ్మాయ్, తలకాయతో సహా?"

"చేప కాదత్తయ్యగారూ, కారణాల బొమ్మ. వీడు అన్నం ఎందుకు తినట్లేదో కనుక్కోవడానికి."

ఆవిడ బోర్డు ఆ చివర్నుంచి ఈ చివరికి చూశారు. తర్వాత హాల్లోకి తల తిప్పి, "ఏరా కన్నా, బళ్ళో అన్నం ఎందుకు తినట్లేదురా?" అన్నారు.

"మూత రావట్లేదు నానమ్మా."

అంతే. బొమ్మలో మూత అనే ముల్లే లేదు. మూల కారణం దొరికేదాకా "ఎందుకు" అని అయిదుసార్లు అడగాలని మా పాఠం. ఆవిడకి ఒక్కసారి చాలింది. ఇంకా గొప్ప సంగతేమిటంటే, ఆ స్టీలు డబ్బా వాడికి ఇండియా నుంచి తెచ్చింది ఆవిడే. పులుసు పోసినా చుక్క కారదని విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడి మరీ కొన్నారు. డబ్బా ఎవరు తెచ్చారో ఆవిడా అనలేదు, నేనూ ఎత్తలేదు. కారణం వెతికేటప్పుడు ఎవరినీ తప్పుపట్టకూడదన్నది క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్‌లో మొదటి సూత్రం. డాక్టరేట్ నాకు ఇంట్లో నికరంగా పనికొచ్చింది అక్కడే.

ఆదివారాల సంగతి ఎక్కువ చెప్పను. డిస్కషన్ పోస్టులకి గడువు రాత్రి 11:59. పిల్లల తెలుగు బడీ ఆదివారమే, పాట్‌లక్కులూ ఆదివారమే. ఎవరింట్లోనో గోంగూర మాంసం ట్రేల పక్కన ఫోను పట్టుకుని, క్లాస్‌మేట్ రాసిన దానికి "మీ విశ్లేషణ ఎంతో ఆలోచింపజేసింది" అని టైపు చేస్తుంటాను. ఆలోచింపజేసేది గోంగూర. పైగా ఆ రెండు ముక్కలకీ ఆధారంగా ఈమధ్య వచ్చిన వ్యాసమొకటి చూపించాలి, అది కూడా ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రకారం, ఎక్కడ ఇటాలిక్సో ఎక్కడ కామానో తప్పకుండా. రోగి ప్రాణం కాపాడితే మార్కుల్లేవు, కామా తప్పితే కోత ఉంది.

ఉద్యోగం, సంసారం, చదువు మూడూ ఎలా నెట్టుకొస్తున్నావని అడుగుతుంటారు. మూడూ నిభాయించేస్తాను. నాకు పడనిది నాలుగోది, నిద్ర. పొద్దున్న ఎనిమిదింటికి ఇల్లు చేరి, పిల్లల్ని దింపి, కర్టెన్లు వేసుకుని పడుకుంటానా, సరిగ్గా పదింటికి ఒంగోలు పిన్ని ఫోను. వాళ్ళకి భోజనాలయ్యి, సీరియల్ అయ్యి, ప్రపంచమంతా తీరుబడిగా ఉన్నట్టు కనబడే వేళ.

"పడుకున్నావా అమ్మా?"

"ఆఁ పిన్నీ, రాత్రి డ్యూటీ."

"అయ్యో, పడుకో పడుకో. ఒక్క మాట. సుగర్ రిపోర్టు వాట్సాప్‌లో పంపాను. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశాడు. వేసుకోమంటావా?"

ఆయన రాశాడు కదా, వేసుకోమంటాను. కిడ్నీ రిపోర్టు కూడా చూస్తాను. చూడకుండా పడుకుంటే నిద్రపట్టదు, చూశాక మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒక్క మాట కాస్తా బాబాయి మోకాళ్ళ మీదుగా పక్కింటి వాళ్ళ గృహప్రవేశం దాకా నడుస్తుంది.

కాబట్టి చదువరులకి ఒక మనవి. మీ చుట్టాల్లో ఇక్కడ రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఎవరైనా ఉంటే, గోడ గడియారం పక్కన రాసిపెట్టుకోండి. డాలస్‌లో పొద్దున్న పదంటే మీకు ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. ఆ వేళకి ఫోన్ చెయ్యకండి. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టి ఊరుకోండి, సాయంత్రం లేచాక తప్పకుండా చూస్తుంది. ఈలోగా మీ డాక్టరు రాసిన మాత్ర వేసుకోండి.