జట్టు కూర్పును తిట్టుకోవడం ఎలా? మాంగో వాసులకు ఒక కరదీపిక

తిట్టడానికీ ఒక పద్ధతుంది. డిమ్నా రోడ్డు టీకొట్టు దగ్గర గ్లాసు చేతబట్టుకుని "ఈ టీమ్ ఇంతేరా" అనేసి వెళ్ళిపోయేవాణ్ణి అభిమాని అనరు, బాటసారి అంటారు. లెఫ్ట్ బ్యాక్ పేరేమిటి, అతని కాంట్రాక్టు ఎన్నాళ్ళుంది, అతని బదులు ఎవరిని తీసుకుని ఉండాల్సింది, ఇవన్నీ ఏకరువు పెట్టి ఆ తర్వాత ఉసూరుమనేవాడే జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ అభిమాని. ఉసూరుమనడం అందరికీ వచ్చు. ఆ ముందరి ఏకరువుకే సాధన కావాలి.

ముందు మీ ఇల్లు ఎక్కడుందో చూసుకోండి. కద్మాలోనో సోనారీలోనో కంపెనీ క్వార్టర్లో ఉంటున్నారా? అయితే ఈ కరదీపిక మీకు అంతగా అక్కరకు రాదు. వేరే ఊళ్ళలో జట్టు ఓడితే యజమాని దిగిపోవాలని బ్యానర్లు కడతారు. ఇక్కడ యజమాని టాటా స్టీల్. జీతం అటునుంచే, క్వార్టరు అటునుంచే, జ్వరమొస్తే కంపెనీ ఆసుపత్రి టీఎంహెచ్‌లో మంచం కూడా అటునుంచే. బ్యానరు విప్పేముందు గేట్ పాస్ ఒకసారి తడిమి చూసుకోవాలనిపిస్తుంది. మాంగోకి ఆ బెడద లేదు. సువర్ణరేఖకి ఇవతల, కంపెనీ లీజు భూమికి బయట ఉన్నాం. మన గుంతలు మనవి, మన కరెంటు కోతలు మనవి, కాబట్టి మన తిట్లూ మనవే. తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి కొలిమి దగ్గర పనిచేసి, రిటైరై, క్వార్టరు అప్పగించి ఇటు ఇల్లు కట్టుకున్న కుటుంబమైతే మరీ మంచిది. తిట్టే హక్కు వారసత్వంగా వచ్చినట్టే లెక్క.

ఇక సరంజామా. అన్నిటికంటే ముందు 2022 మార్చి 7వ తేదీని కంఠతా పట్టండి. ఆ రోజు ఏటీకే మోహన్ బగాన్ మీద రిత్విక్ దాస్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మనవాళ్ళు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో మొదటి స్థానానికిచ్చే లీగ్ షీల్డ్ గెలిచారు. వరసగా ఏడు విజయాలు, 43 పాయింట్లు. కోచ్ ఓవెన్ కోయల్. పది గోల్స్ కొట్టి, మరో పదింటికి పాస్‌లిచ్చి లీగ్‌లో ఉత్తమ ఆటగాడైన గ్రెగ్ స్టూవర్ట్. ఇంతవరకూ చెప్పి ఆగాలి. ఎదుటివాడు "అబ్బ, ఆ రోజు ఫర్నేస్‌లో ఎంత గోలగా ఉండుంటుందో!" అంటాడు. అప్పుడు చల్లగా చెప్పాలి: కరోనా మూలాన ఆ లీగంతా గోవాలో, జనం లేని స్టేడియాల్లో జరిగింది. మనం ఫర్నేస్ అని పిలుచుకునే జేఆర్డీ కాంప్లెక్సులో ఆ జట్టు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఆడలేదు. మనం చూసింది ఇంట్లో టీవీలో, అదీ కరెంటు ఉన్నంతసేపు.

తర్వాతి సీజన్‌కి ఆట మళ్ళీ మన ఊరొచ్చింది. షీల్డ్ వీరులను కళ్ళారా చూద్దామని వంతెన మీది జామ్‌ని ఈదుకుంటూ, సాక్చి దాటుకుని వెళ్ళేసరికి కోయల్ లేడు, స్టూవర్ట్ ముంబై సిటీలో ఉన్నాడు. ఇంగ్లండ్ అండర్-21 జట్టును నడిపిన ఏడీ బూత్‌రాయిడ్ వచ్చాడు. పదకొండు జట్ల లీగులో పదో స్థానం. పెళ్ళి పక్కూళ్ళో చేసి, ఎంగిలాకులు ఎత్తడానికి మనల్ని పిలిచినట్టయింది. నా దృష్టిలో ఈ క్లబ్బు మీద మనకున్న అసలు ఫిర్యాదు ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి పుట్టిన పిల్లలు. గెలిచిన జట్టును నిలబెట్టుకోవడం గెలవడం కంటే కష్టమని మనకీ తెలుసు. డబ్బెక్కువ ఉన్న క్లబ్బు పిలిస్తే ఆటగాడు వెళ్తాడనీ తెలుసు. తెలిసినంత మాత్రాన తిట్టకూడదని ఎక్కడా లేదు.

కొత్త విదేశీ ఆటగాడు వచ్చాడన్న కబురు రాగానే యూట్యూబ్‌లో అతని మూడు నిమిషాల వీడియో చూడండి. ఆ మూడు నిమిషాల్లో ప్రతివాడూ మెస్సీయే. కిందటేడు అతను ఎన్ని నిమిషాలు ఆడాడో మాత్రం వెతక్కండి, నిద్ర పట్టదు. పేరు పెద్దదైతే వీడియో కూడా అక్కర్లేదు. 2018లో టిమ్ కాహిల్ వచ్చాడు. నాలుగు ప్రపంచకప్పులు ఆడిన మనిషి, సంతకం చేసేనాటికి ముప్పై ఎనిమిదేళ్ళు. లీగులో రెండు గోల్స్. ప్లేఆఫ్స్‌కి నాలుగు జట్లు వెళ్ళే రోజుల్లో మనది అయిదో స్థానం. అంతకు ముందేడు, కాహిల్ లేనప్పుడు, స్టీవ్ కొపెల్ హయాంలో? అప్పుడూ అయిదే. దీన్ని నిలకడ అనాలి.

ఒక్కోసారి క్లబ్బు తీసుకున్న నిర్ణయం సరైనదైపోయే ప్రమాదం కూడా ఉంది. 2022 జనవరిలో, సీజన్ మధ్యలో, గోల్డెన్ బూట్ గెలిచిన అనుభవమున్న మన స్ట్రైకర్ వాల్స్కిస్ చెన్నయిన్‌కి వెళ్ళిపోయాడు. ఈస్ట్ బెంగాల్‌లో తడబడుతున్న డేనియల్ చీమాని తెచ్చుకున్నారు. తిట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. తీరా చూస్తే చీమా గోల్స్ మీద గోల్స్ కొట్టాడు, షీల్డ్ వచ్చింది. ఇలాంటప్పుడు "నేనప్పుడే అన్నాను కదా" అనాలి. ఏమన్నారో ఎవరూ అడగరు. అడిగితే టీ చెప్పండి.

"మన కుర్రాళ్ళని ఎందుకు ఆడించరు?" అనే ప్రశ్న ఏ కాలంలోనైనా చెల్లుతుంది. 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, సుబ్రతా పాల్, ఉదాంత సింగ్ లాంటివాళ్ళను దేశానికిచ్చింది. అంతకు చాలా ముందు, 1902లోనే, జంషెడ్‌జీ టాటా కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో, కట్టబోయే ఊళ్ళో ఫుట్‌బాల్‌కీ హాకీకీ విశాలమైన చోటు వదలమన్నాడు. చోటు వదిలారు. లెఫ్ట్ బ్యాక్ సంగతి ఆయన రాయలేదు. ఇక ఆ కుర్రాణ్ణి నిజంగానే ఆడిస్తే, వాడు ఒక పాస్ తప్పుగా ఇస్తే, వెంటనే "అనుభవం లేనివాణ్ణి దింపుతారా?" అనాలి. రెండు ప్రశ్నలూ ఒకే మ్యాచ్‌లో వాడుకోవచ్చు.

లెక్కలు కూడా కాస్త రావాలి. ఏడు వరకు చాలు. 2024 మార్చి 8న ఇక్కడే ముంబై సిటీతో మ్యాచ్ 1-1గా ముగిసింది. ఓ పాయింటు వచ్చిందని ఇంటికెళ్ళి పడుకున్నాం. ఎర్రకార్డుతో మనవాళ్ళు ఒకరు తగ్గాక మైదానంలో ఏడుగురు భారతీయులు ఉండాలన్న నియమం తప్పిందని తర్వాత తేలింది. ఫెడరేషన్ క్రమశిక్షణ కమిటీ ఆ మ్యాచ్‌ని 3-0గా ముంబైకి ఇచ్చేసింది. జట్టులో ఎవరుండాలన్నదాని మీద వాదించుకునే మనకి, ఎంతమంది ఉండాలన్నదాని మీద కూడా వాదించుకోవచ్చని అప్పుడే తెలిసింది. ఆ సీజన్లో పన్నెండు జట్లలో పదకొండో స్థానం. అప్పటికి లీగులో కింది మెట్టుకి దించే పద్ధతి లేదు కనుక ఎక్కడికీ పడలేదు.

మరీ దిగులేస్తే హైదరాబాద్ చుట్టాలకి ఫోన్ చేయండి. 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరు అది. 2022లో మనకి షీల్డ్ వచ్చిన సీజన్‌లోనే వాళ్ళ జట్టు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. ఆ తర్వాత డబ్బు కటకట, ఆటగాళ్ళ వలస, చివరికి 2025లో జట్టుకి జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. లెఫ్ట్ బ్యాక్ బాగాలేడని వాళ్ళ దగ్గర ఏడిస్తే "మీకింకా లెఫ్ట్ బ్యాక్ ఉన్నాడా?" అంటారు. ఫోన్ పెట్టేశాక మనసు కొంచెం తేలికపడుతుంది. తప్పే, కానీ పడుతుంది.

కోచ్‌ల విషయంలో తొందర పనికిరాదు. మొదటి ఎనిమిది సీజన్లలో ఏడుగురు వచ్చారు. పేరు నోటికి పట్టేలోపు మనిషి మారిపోతాడు. ఒక్క ఖాలిద్ జమీల్ మాత్రం మన పద్ధతులన్నీ పాడుచేశాడు. 2023 డిసెంబరులో వచ్చి, ఖరీదైన పేర్లు లేకుండానే, తర్వాతి సీజన్లో అయిదో స్థానం, సెమీఫైనల్, సూపర్ కప్ ఫైనల్ దాకా లాక్కెళ్ళాడు. సెమీస్ మొదటి మ్యాచ్‌లో మోహన్ బగాన్‌ని ఫర్నేస్‌లోనే 2-1తో ఓడించినప్పుడు మాంగో చౌక్‌లో తిట్టడానికి మనిషి దొరకలేదు. 2025 ఆగస్టులో ఆయన్నీ జాతీయ జట్టుకి కోచ్‌గా తీసుకుపోయారు.

దానికి కంగారుపడక్కర్లేదు. సెప్టెంబరులో ఆయన జట్టు కాఫా నేషన్స్ కప్పులో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. అప్పుడు "మా కోచ్" అన్నాం. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ ఆశలు పోయాయి. అప్పుడు మీరు చేయాల్సిందల్లా పాత తిట్ల కాగితం బయటికి తీసి, జంషెడ్‌పూర్ అన్న చోట ఇండియా అని దిద్దుకోవడమే. లెఫ్ట్ బ్యాక్ పేరాని మాత్రం ముట్టుకోకండి, అది ఉన్నదున్నట్టు సరిపోతుంది.