పాత లారీ బేరమా? ఇంజన్ జోలికి పోకండి, కమాన్ కట్టలు చూడండి

సెకండ్ హ్యాండ్ లారీ చూడ్డానికి వెళ్తే ఇంజన్ స్టార్ట్ చేయించకండి. ఇంజన్ మేస్త్రీని ఇంటి దగ్గరే వదిలేసి కమాన్ మేస్త్రీని వెంటబెట్టుకెళ్ళండి. అమ్మే ముందు ఇంజన్‌కి పైపై మెరుగులు ఎవరైనా దిద్దగలరు. బండి ఎంత ఓవర్‌లోడు మోసిందో కమాన్ కట్ట, అంటే పట్టాలు పేర్చి కట్టిన స్ప్రింగ్, దాచలేదు.

చక్రాలకి రాళ్ళు పెట్టించి కిందికి దూరండి. అన్నిటికంటే పైనుండే మెయిన్ పట్టా మీద, వంపు లోపలి వైపు, చేత్తో తడమండి. అడ్డంగా వరసగా సుత్తి నొక్కులు తగిలాయా? చల్లటి పట్టాని కొట్టి వంపు తెచ్చారన్నమాట. లోడు పడినప్పుడు సాగేది ఆ ముఖమే. నొక్కు పదునుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్యాక్టరీలోనూ ఆ ముఖాన్నే కొడతారు, కాకపోతే సన్నటి ఉక్కు గుళ్ళతో, అంతటా సమంగా.

కొత్త పట్టా తయారీ వేరు. సిలికాన్, మాంగనీస్ కలిపిన ఉక్కు పట్టీని 850–900 డిగ్రీల దాకా కాల్చి, వంచి, నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా పెళుసు. మళ్ళీ 450–500 డిగ్రీల దగ్గర కాలిస్తేనే స్ప్రింగ్ గుణం వస్తుంది. ఆఖర్న లోడు పడే దిశలోనే గట్టిగా అణిచి వదులుతారు; కుంగాల్సిందేదో అక్కడే కుంగిపోతుంది. సుత్తి దెబ్బ లోడుకి ఎదురు దిశలో వంచుతుంది, అందుకే ఆ వంపు నిలవదు. గ్యాస్ మంటతో కాల్చి వంచిన మచ్చ కనిపిస్తే ఇక బేరమే వద్దు. అక్కడ ఆ గుణం చచ్చిపోయినట్టే.

పట్టాలు లెక్కపెట్టండి. కంపెనీ లెక్క కంటే ఒకటి ఎక్కువుంటే ఓవర్‌లోడు బండే. పట్టా చేర్చారు గానీ యాక్సిల్‌కీ చాసీకీ బలం ఎవరు చేర్చారు? కట్టలు సరికొత్తగా ఉంటే పాతవెందుకు పోయాయో నిలదీయండి.

ఓనరు గునిసినా సరే, కట్ట మీద బరువు లేకుండా బండిని జాకీ మీద లేపి, యూ బోల్టులతో పాటు సెంటర్ బోల్టు వదులు చేయించండి. పొట్టి పట్టాకి పైదానికంటే వంపెక్కువ, కాబట్టి వదలగానే మధ్యలో సందు విచ్చుకోవాలి. బిగించినప్పుడు ఆ సందు మూసుకునే బిగువే మెయిన్ పట్టా భారాన్ని తగ్గిస్తుంది. విచ్చుకోకపోతే ఆ కట్టలో పస లేదు.

ఇవన్నీ బాగుంటే అడ్వాన్స్ ఇచ్చేయండి. కమాన్లని అంత జాగ్రత్తగా చూసుకున్నవాడు ఆయిల్ కూడా వేళకి మార్చే ఉంటాడు. ఇంజన్ స్టార్ట్ చేసేది బండి ఇంటికి తోలుకెళ్ళేటప్పుడే.