రెండు మోతలు

తెలుగులో ‘మోత’ యను మాటకు రెండర్థములు గలవు: బరువు మోయుట యొకటి, చెవులు చిల్లులు పడునట్లు మ్రోగుట మఱియొకటి. పాడేరు మన్నెములోని హుకుంపేట కొండలలో మొదటి మోత గిరిజనుల పాలబడగా, రెండవ మోతను వారి కర్పించి ఋణము తీర్చుకొనుటకు పట్టణములనుండి కవిగాయకులు కెమెరాలతో గూడ కొండ యెక్కుచున్నారు. సామాన్యులలోని వీరులను సరికొత్త జానపదగేయములతో సన్మానింపవలెనట!

జానపదము సరికొత్తది యెట్లగునని నావంటి చాదస్తుడు సందేహింపవచ్చును. బిరుదురాజు రామరాజుగారు గేయములను సేకరించి పరిశోధించిన నాళ్ళలో కర్త యెవ్వరో తెలియకపోవుటయే పాటకు శోభ. ఇప్పుడన్ననో పల్లవికంటె ముందే రచయిత పేరును, నిర్మాత పేరును, సర్వహక్కులు తమవే యను హెచ్చరికయు వచ్చును. థింసా నృత్యమునకు తుడుము, మోరి, కిరిడి వాద్యములుండగా వీరు కీబోర్డుతో సరిపుచ్చుదురు. ఇంటిలో ఆదివాసీ ఒరియా మాటాడుకొను ముసలమ్మ, ఆ తెలుగుపాట తన కొడుకును గూర్చినదని యెవరైన చెప్పినగాని యెఱుగదు.

ఇంతకు వీరుడెవడన, డోలీ మోయువాడు. దారిలేని శిఖరగ్రామమున నొకతెకు పురిటినొప్పులు వచ్చినచో, దుప్పటిని కఱ్ఱకు ఉయ్యెలవలె గట్టి, ఆమె నందు పరుండబెట్టి, ఇరువురు భుజముల కెత్తుకొనగా, భుజము మార్చుటకు మఱి యిరువురు వెంట నడువగా, గెడ్డలు దాటి, జారుడుబండలపై కాలివ్రేళ్ళు బిగించి, 108 బండి వచ్చి నిలుచు చోటికి జేర్చుట వాని వీరకృత్యము. పాట యంతయు వాని భుజబలమును వర్ణించును. దారి లేకపోవుటను మాత్రము కవి ప్రకృతిశోభలో జమకట్టి, మంచుతో ప్రాస కుదుర్చుకొని, మెల్లగా దాటిపోవును. దాటక యేమిచేయును? రోడ్డు పడెనా, వీరుడు మాయమగును. వీరుడు మాయమాయెనా, పాటకు వస్తువు లేదు. కావున ఆ బాట నట్లే యుంచుట వీరరసపోషణ క్రింద లెక్క.

ఈ మన్నెమునకు రోడ్డుతో పాతపగ యున్నది. గూడెము ప్రాంతమున రోడ్డుపనికి గిరిజనులచే వెట్టి చేయించుట 1922 నాటి తిరుగుబాటు కారణములలో నొకటి. సరిగా నూఱేండ్లకు, 2022లో, ఆ తిరుగుబాటునకు నాయకుడైన అల్లూరి సీతారామరాజు పేరిట పాడేరు కేంద్రముగా జిల్లా యేర్పడినది. నాడు దొరలు రోడ్డు వేయుడని కొట్టిరి. నేడు శిఖరగ్రామములవారు రోడ్డు వేయుడని మ్రొక్కుచున్నారు, పట్టణమువారు పాట వేయుచున్నారు.

ఆశా కార్యకర్తలకును ఈ రెండవ మోత గౌరవము దక్కకపోలేదు. కరోనా వేళ, 2020 మార్చి 22 సాయంత్రము 5 గంటలకు దేశమంతయు ఆరోగ్యసేవకులకై చప్పట్లు కొట్టెను. ఏ సంతలోను అవి చెల్లినట్లు వినలేదు.

కొత్తపాటలో బోయీలు ‘ఓహోం ఓహోం’ అని వంతపాడుదురు. నిజముగా ఎక్కుడుదారిని డోలీ మోయువారు పాడరు. ఊపిరి చాలదు, పైగా లోపలి మూలుగు వినబడవలెను. గాయకమహాశయుడు కఱ్ఱ రెండవకొసకు భుజమిచ్చి, ఆ పల్లవినే యందుకొనునేని, గెడ్డ దాటువఱకైన శ్రద్ధగా విందుము.