టీచరమ్మ కుడి భుజం ఆత్మకథ

ఈ కుడి భుజం 26 ఏళ్లుగా బోర్డు మీద తేదీ వేస్తోంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే టీచరమ్మ భుజం ఇది. బోర్డు పై అంచుకు బెత్తెడు కిందే తేదీ ఉండాలి, చివరి బెంచీకి కూడా కనబడాలి. అన్నేళ్లూ ఆ ఎత్తు తప్పలేదు. ఈ భుజం చెప్పుకునే గొప్ప అదొక్కటే.

ఒంట్లో ఇంత స్వేచ్ఛగా తిరిగే కీలు మరొకటి లేదు. చేతి ఎముక తల పెద్దది, అది ఆనుకునే గుంట చిన్నది. సాసరు మీద బంతి పెట్టినట్టు ఉంటుంది. బంతి జారిపోకుండా నాలుగు చిన్న కండరాలు, తాళ్లలాంటి వాటి కొసలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. డాక్టర్లు వాటిని రొటేటర్ కఫ్ అంటారు. అంత స్వేచ్ఛ ఉంది కాబట్టే పెద్ద కీళ్లలో ఎక్కువగా చోటు తప్పేదీ భుజమే.

టీచరమ్మ కొడుకు బైకు మీంచి పడ్డప్పుడు అతని ఎడమ భుజం అలాగే ముందుకు జారింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన చెయ్యి పట్టి లాగబోతే పిల్లాడు లాగనివ్వలేదు. మంచి పని చేశాడు. ఎముక విరిగి ఉంటే, నరం నలిగి ఉంటే ఆ లాగుడు కొంప ముంచేది. ఆసుపత్రిలో భుజం మీద తాకి స్పర్శ ఉందో లేదో చూశారు, ఎక్స్‌రే తీశారు, మత్తిచ్చి ఎముకను గుంటలో కూర్చోబెట్టి స్లింగ్ వేశారు. 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌తో వన్డే ఆడుతూ బంతిని ఆపబోయిన శ్రేయస్ అయ్యర్‌కు జారింది కూడా ఎడమ భుజమే. అతనికి ఆపరేషన్ చేశారు. మళ్లీ ఐపీఎల్‌లో ఆడేసరికి సెప్టెంబరు వచ్చింది. కుర్రవాళ్లకు ఒకసారి జారిన భుజం మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ.

కొడుకు భుజాన్ని ఆ పూటే డాక్టరు చూశారు. ఈ భుజం ఏడు నెలలు ఎదురుచూసింది.

మొదట రాత్రిళ్లు నొప్పి. కుడివైపు ఒత్తిగిలితే మెలకువ వచ్చేది. తర్వాత జడ వేసుకోవడం కష్టమైంది. జాకెట్టు తొడుక్కునేటప్పుడు ముందు కుడి చేతిని మెల్లగా దూర్చి, ఆ తర్వాతే ఎడమ చెయ్యి. "వయసు మీద పడుతోంది కదా, అదే సర్దుకుంటుంది" అనుకుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, రాత్రి పూట బామ్. కదపకుండా ఉంచమని పక్కింటావిడ చెబితే నెలల తరబడి చేతిని కొంగులోనే దాచుకుంది. ఆ కొంగు చాటునే ఈ భుజం బిగుసుకుపోయింది. తొమ్మిదేళ్ల నుంచి ఉన్న షుగర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బోర్డు మీద తేదీ కిందికి దిగుతూ వచ్చింది. మూరెడు దిగాక ఒకరోజు చివరి బెంచీ పిల్ల లేచి, "తేదీ కనబడట్లేదు మేడమ్, ముందోళ్ల తలలు అడ్డం" అంది. ఆ సాయంత్రమే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది.

మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని పక్కకు తిప్పమన్నారు. తిరగలేదు. డాక్టరు తానే తిప్పబోయినా తిరగలేదు. కఫ్ చిరిగితే రోగి ఎత్తలేని చేతిని డాక్టరు చాలావరకు ఎత్తగలరు; ఇక్కడ ఎవరెత్తినా లేవలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, అంటే కీలు చుట్టూ ఉన్న పొర మందమై ముడుచుకుపోవడం. 40 నుంచి 60 ఏళ్ల వాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకుంటూ ఉండమన్నారు. ఆపైన ఫిజియోథెరపీ: ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లను పైకి పాకించడం. వంటింటి గోడ మీద ఆమె రోజూ పెన్సిలుతో గీత పెట్టింది. కొన్ని వారాలు గీత మీదే గీత పడింది. మామూలు కావడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు; అప్పటికీ వదలని కొద్దిమందికి చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో ఆ పొరను వదులు చేస్తారు.

ఇప్పుడు పద్నాలుగో నెల. తేదీ పాత చోటుకు నాలుగు వేళ్ల కింద ఉంది. మీ ఇంట్లో అమ్మో అక్కో జాకెట్టులో ముందు నొప్పి చెయ్యి దూర్చుకోవడం కనబడితే, ఈ వారమే డాక్టరుకు చూపించండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి.